గాజుపలక వెనకవైపు

ఎర్రదొడ్డి పక్కన, సున్నపురాళ్ళ మిట్ట మీద తెల్లదొరల కాలంనాటి బంగళా ఒకటి ఉండేది. సగం పైకప్పు కూలి, గోడల్లో జిల్లేళ్ళు మొలిచి, గొర్రెల కాపరులకు తప్ప ఎవరికీ అక్కరకు రాకుండా పడివుండేది. దాన్ని పడగొట్టిన రోజున వంటగది అటక మీద టేకుపెట్టె దొరికింది. బంగారముందేమోనని కూలీలు గడ్డపారతో మూత పెకలించారు. లోపల ఎండుగడ్డి, గడ్డి మధ్య వరుసగా నిలబెట్టిన పద్నాలుగు నల్లటి గాజుపలకలు, తోలు అట్ట వేసిన ఆల్బం, అంచులు చెదలు తిన్న ఇంగ్లీషు పుస్తకం ఉన్నాయి. ఇంతేనా అని కూలీలు వాటిని రాళ్ళకుప్ప మీదికి విసరబోయారు.

తిక్కన్న అడ్డుపడ్డాడు. డెబ్భై ఆరేళ్ళ ఆ ముసలాయన ఎర్రదొడ్డిలో ఏ పంచాయితీ జరిగినా ముందుండేవాడు. ఒక పలకను అందుకుని ఆకాశానికేసి పట్టి చూశాడు. నల్లటి ఆకాశం కింద తెల్లటి మనుషులు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి ఒంట్లో ఎముకలు లెక్కపెట్టవచ్చు. ఆయన చాలాసేపు చేతులు దించలేదు. తర్వాత తలగుడ్డ విప్పి ఆ పలకను చుట్టి, పెట్టెను ఆటోలో పెట్టించుకుని, తొంభై కిలోమీటర్లు ఒళ్ళో పసిబిడ్డను పెట్టుకున్నట్టు పట్టుకుని కర్నూలు చేరాడు.

కర్నూల్లో పాత ఫోటోలను, పుస్తకాలను బాగుచేసే చిన్న ప్రయోగశాల ఉంది. దానికి పెద్ద ఉరుకుందమ్మ. ఆమెది ఎర్రదొడ్డే. పదో తరగతి దాకా ఆ ఊళ్ళో చదివి, తర్వాత భౌతికశాస్త్రంలో డాక్టరేటు చేసింది. నలభై మూడేళ్ళ వయసులోనూ ఊరివాళ్ళకు ‘హనుమంతమ్మ కూతురే’. పెట్టె తెరిచిన రోజు మధ్యాహ్నం ఆమె భోజనం మరిచిపోయింది. ఆల్బంలో అతికించిన కాగితపు ఫోటోలు ఎప్పుడో పొడిపొడిగా రాలిపోయాయి. ఇంగ్లీషు పుస్తకం మాత్రం చదవడానికి వీలుగా ఉంది. నూట యాభై ఏళ్ళ కిందటి ధాత కరువులో సున్నపురాళ్ళ మిట్ట దగ్గర నడిపిన కరువు శిబిరం నివేదిక అది. ఆకలితో వచ్చిన జనం చేత కాలువ తవ్వించి, రోజుకింతని జొన్నలు కొలిచి ఇచ్చిన లెక్కంతా అందులో ఉంది. చివరి పేజీలో ఒక వాక్యం: శిబిరంలో చనిపోయినవారు నాలుగువేల మూడువందల పదిహేడుగురు, శిబిరానికి దక్షిణాన పూడ్చడమైనది. అంతే. ఎంత దూరంలో పూడ్చారో, వాళ్ళెవరో ఎక్కడా లేదు.

ప్రయోగశాలలో యంత్రాల పని చూసేవాడు జిలానీ బాషా. యాభై ఏళ్ళవాడు. ఒకప్పుడు ఆదోనిలో ఫోటో స్టూడియో నడిపి, సెల్‌ఫోన్లు వచ్చాక మూసేసి, కటకాలు బాగుచేసే పనిలో ఆరితేరాడు. గాజుపలకల మీద పట్టిన బూజును వెంట్రుకలో వెయ్యోవంతు మందాన, పొర తర్వాత పొరగా, సన్నటి నీలికాంతితో తీసే యంత్రాన్ని వాళ్ళిద్దరూ కలిసే తయారుచేశారు. నాలుగో పలక మూల మీద బూజు తీస్తుండగా ఆ కాంతి ఒక పొర ఎక్కువ లోతుకు దిగింది. పలక మిణుగురులా మెరిసింది. మెరుపును పట్టే కెమెరా తెరమీద ఏదో కదిలింది.

జిలానీ ఆమెను పిలిచాడు. తెరమీద తలకిందులుగా, పొగలో చూసినట్టుగా, ఒక ఆడమనిషి నెత్తిన కుండతో వెనక్కి వెనక్కి నడుస్తోంది. నేలమీద తడి మరక చిన్నదవుతూ, చుక్కలు ఎగిరి కుండలోకి చేరుతున్నాయి. పదకొండు సెకన్లు కనిపించి ఆగిపోయింది. నాలుగో పలక మీద ఉన్న ఫోటో బంగళా మెట్లది. అందులో ఆడమనిషే లేదు.

“ఈమె యాడిదబ్బా?” అన్నాడు జిలానీ.

ఆమె ఎక్కడిదో తెలుసుకోవడానికి వాళ్ళకు నాలుగు నెలలు పట్టింది. ఆ రోజుల్లో ఫోటో తీయాలంటే గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, తీసిన వెంటనే కడగాలి. బాగా కడిగితే, బొమ్మగా మారని వెండి రేణువులన్నీ నీళ్ళతో పోతాయి. కానీ అది కరువు శిబిరం. తాగడానికే నీళ్ళు లేవు. ఫోటోగ్రాఫరు కొన్ని పలకలను పైపైన తడిపి వదిలేశాడు. అందువల్ల ఆ రేణువులు మిగిలిపోయాయి. ఆ ఎండకు అతని కెమెరాకుండే మడతల తోలుతిత్తి పగిలి, కుడివైపొకటి, ఎడమవైపొకటి సూదిమొన అంత చిల్లులు పడ్డాయి. కెమెరా ముందున్నది చూస్తుంటే, ఆ చిల్లుల్లోంచి పక్కనున్న లోకం కూడా లోపలికి వచ్చి పలక మీద వాలింది. మందు ఆరుతున్న కొద్దీ వెలుగు పైపొరలకు చేరింది. అందుకే అన్నిటికన్నా చివరి క్షణం పైన ఉంటుంది, మొదటి క్షణం అడుగున ఉంటుంది. పైనుంచి పొర తీస్తూ పోతే కాలం వెనక్కి నడుస్తుంది.

అర్థమైన రోజు ఇద్దరూ పనేమీ చేయలేదు. కిటికీ దగ్గర నిలబడి, కింద రోడ్డు మీద పోయే బండ్లను, చెరకురసం బండి దగ్గర గుమిగూడిన మనుషులను చూస్తూ ఉండిపోయారు. ఎవరూ దాచమని చెప్పకుండానే, ఎవరికీ తెలియకుండానే, వెలుగు ఇన్నేళ్ళు ఒకచోట కూర్చుని ఉంది. అడిగినవాళ్ళకు చెప్పడానికి సిద్ధంగా ఉంది. 

అయితే ఆ వెలుగు ఒక్కసారే చెబుతుంది. మెరిసిన రేణువు ఆరిపోతుంది. చదవడం అయ్యాక చేతిలో మిగిలేది ఉత్త గాజు. పద్నాలుగు పలకల్లో ఎనిమిదింటిని నీళ్ళు దొరికిన రోజుల్లో బాగా కడిగారు. వాటిలో ఏమీ లేదు. కడగని ఆరింటిలో ఐదు ప్రయోగాలకు అయిపోయాయి. ఒకదానిలో కాకి వెనక్కి ఎగిరింది. ఒకదానిలో ఫోటోగ్రాఫరు చెయ్యి అడ్డొచ్చింది. అన్నీ సెకన్ల ముచ్చటే.

మిగిలింది పదకొండో పలక. ముందువైపు కాలువ గట్టు, గట్టు మీద దొర, మేస్త్రీలు, చేతికి గంపలిచ్చి నిలబెట్టిన ముప్పైమంది కూలీలు ఉన్నారు. ఆల్బంలో ఆ ఫోటో పేరు కింద ఫోటోగ్రాఫరు చేతిరాత ఉంది: ‘పలక సిద్ధమైన తర్వాత ఏడు నిమిషాలు ఆలస్యం. ఒక స్త్రీ గొడవ.’ జిలానీ ఆ అంకె చూసి ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఏడు నిమిషాలు పలక కెమెరాలోనే ఉందంటే ఏడు నిమిషాల వెలుగు ఉన్నట్టే.

*

హనుమంతమ్మ కూతురి దగ్గరే కర్నూల్లో ఉండేది. రోజూ సాయంత్రం రొట్టె కాలుస్తూ కూతురు చెప్పే సంగతులు వినేది. అద్దాల్లో మనుషులు నడుస్తున్నారని చెప్పిన రోజున, “కాలం ఎంత ముదిరింది” అని మాత్రం అంది. ఒకనాడు ఉరుకుందమ్మ నివేదికలో తాను చదివిన పేజీ గురించి చెప్పింది. చెప్పకుండా ఉండాలనుకుంది గానీ ఉండలేకపోయింది.

ఆ పేజీలో ఉన్నదిది: ‘ఎర్రదొడ్డికి చెందిన నరసి అనే స్త్రీ తన కూతురిని గింజల కొట్టు దగ్గర వదిలి, నాలుగు శేర్ల జొన్నలు తీసుకుని, తిరిగి రాలేదు. పిల్లను అనాథల బండిలో పంపడమైనది.’

హనుమంతమ్మ పెనం మీద రొట్టె మాడుతున్నా తిప్పలేదు. నరసి ఆమె ముత్తాతకు తల్లి. ఊళ్ళో ఆ వంశానికి ‘గింజలోళ్ళు’ అని పేరు. గింజలకు బిడ్డనమ్ముకున్నవాళ్ళని అర్థం. హనుమంతమ్మ పెళ్ళిలో తలంబ్రాలు పోస్తుంటే, వెనకనుంచి ఎవరో “జాస్తి పోయండప్పా, గింజలోళ్ళకు సాలవు” అన్నారు. పందిరంతా నవ్వింది. ఆ నవ్వు ఆమె ఎన్నడూ మరిచిపోలేదు. ఇంట్లోవాళ్ళు చెప్పుకునే కథ వేరు. నరసి బిడ్డను క్షణంసేపు కొట్టు దగ్గర కూర్చోబెట్టి గింజలకు వరుసలో నిలబడిందట. తిరిగొచ్చేసరికి పిల్లను బండెక్కించారట. ఏడ్చి మొత్తుకుందట. ఇంకో బిడ్డ ఇంట్లో ఆకలితో ఉంటే ఆ గింజలు పారేయలేక తెచ్చి వండిందట. ఆ తిన్నవాడే హనుమంతమ్మ ముత్తాత. కానీ ఈ కథను ఊరు నమ్మలేదు. ఇప్పుడు అచ్చుపుస్తకం కూడా ఊరి పక్కే మాట్లాడింది.

“ఆ కొట్టు యాడుండె?” అని అడిగింది హనుమంతమ్మ చివరికి.

శిబిరం పటం ప్రకారం కెమెరాకు ఎడమవైపు, ఉత్తరాన ఉందని ఉరుకుందమ్మ చెప్పింది. తారీకులు కూడా కలిశాయి. నరసి గురించి రాసిన రోజే పదకొండో ఫోటో తీశారు.

“అయితే నాకు చూపీ,” అంది తల్లి. “ఆ బిడ్డ మొగం ఎట్లుండెనో ఒక్కసారి చూస్తా. పేరు గూడా తెల్దు మనకు.”

ఉరుకుందమ్మ తప్పకుండా చూపిస్తానంది. ఆ మాట ఇచ్చిన వారానికే తిక్కన్న మళ్ళీ వచ్చాడు.

*

తిక్కన్న వెంట ఊరివాళ్ళు ఐదుగురు వచ్చారు. మిట్టకు దక్షిణాన ఉన్న ఎనిమిది వందల ఎకరాల బీడును సోలార్ ప్లాంటుకు ఇచ్చేశారని, నెలాఖరుకు చదును చేస్తారని చెప్పారు. ఆ బీడులో ఎక్కడో కరువు గుంతలున్నాయని ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. అధికారులు చెడ్డవాళ్ళేం కాదు. చోటు చూపిస్తే వదిలేస్తామన్నారు. ఎనిమిది వందల ఎకరాలు తవ్వి చూడటం ఎవరివల్లా కాదు.

“మా పెద్దోళ్ళు ముగ్గురు ఆడనే ఉండారు,” అన్నాడు తిక్కన్న. “ఈళ్ళ పెద్దోళ్ళూ ఆడనే ఉండారు. బతికినప్పుడు బువ్వ లేకపాయ. సచ్చినాక రాయన్నా పెట్టల్ల గదమ్మా. వాళ్ళ మింద బుల్డోజరు నడిస్తే మేం ఎట్ల చూడల్ల?”

వాళ్ళు వెళ్ళాక ఉరుకుందమ్మ జిలానీని కూర్చోబెట్టి అడగాల్సినవన్నీ అడిగింది. దక్షిణపు చిల్లు, ఉత్తరపు చిల్లు రెండూ ఒకే పొర మీద వెలుగు పోశాయి. రెండు కెమెరాలు పెట్టి రెండు వైపులా ఒకేసారి పట్టలేమా? సగం పలక అటు, సగం ఇటు చదవలేమా? జిలానీ రెండు రోజులు లెక్కలు వేశాడు. ప్రయోగాలకు పోయిన పలకల కొలతలన్నీ తిరగేశాడు. మూడో రోజు ఉదయం ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“ఒక్కో రేణువు ఒక్క మెరుపే ఇస్తాది మేడం. పంచితే రెండుపక్కలా ఏమీ కనపడదు. గింజ ఒకటే. రెండు నోళ్ళకు పెట్టలేం.”

ఆ మాట అనేసి, తానేమన్నాడో తెలిసి తల దించుకున్నాడు.

ఇంటికి వెళ్ళి ఉరుకుందమ్మ తల్లికి ఉన్నదున్నట్టు చెప్పింది. నీ ఇష్టమే నా ఇష్టమని తల్లి అంటుందేమోనని లోపల ఎక్కడో ఆశపడింది. హనుమంతమ్మ అలా అనలేదు.

“నాకు కొట్టుపక్కే కావాల. వాళ్ళు నాలుగువేల మంది అంటాండావు. ఆ నాలుగువేల మంది బిడ్డలే గదా నన్ను గింజలది అనింది. వాళ్ళ కోసరం మా యవ్వను మళ్ళా వదిలేస్తావా?”

 వారం రోజులు ఉరుకుందమ్మ పదకొండో పలకను పెట్టెలోంచి తీసి చూడటం, మళ్ళీ లోపల పెట్టడం తప్ప మరో పని చేయలేదు. నివేదికను మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదివింది. కాలువకు ఎన్ని గంపల మట్టి పట్టిందో ఉంది. ఎన్ని పారలు విరిగాయో ఉంది. దొరగారి గుర్రానికి జబ్బు చేస్తే దాని పేరుతో సహా ఉంది. చనిపోయినవాళ్ళ పేర్లు లేవు. మూడు వందల పేజీల్లో పేరు దక్కిన బీదమనిషి నరసి ఒక్కతే. అబద్ధం రాయడానికైనా ఆమె పేరు రాశారు. మిగతావాళ్ళకు ఆ పాటి కూడా జరగలేదు. ఉరుకుందమ్మ పుస్తకం మూసి, దక్షిణం వైపు కోణం సరిచేయమని జిలానీకి చెప్పింది. తల్లికి కూడా చెప్పింది. హనుమంతమ్మ విన్నది. ఆ పూటనుంచి కూతురితో మాట్లాడటం మానేసింది. వేళకు రొట్టె పెట్టేది, నీళ్ళు పెట్టేది, అంతే.

*

పలకను చదివిన రోజున గదిలో ముగ్గురే ఉన్నారు. ఊరి తరఫున ఒక్కరు రావచ్చంటే తిక్కన్న వచ్చి, స్టూలు మీద కూర్చోకుండా గోడకానుకుని నిలబడ్డాడు. ఈ పలక వల్ల ఉరుకుందమ్మ ఇంటికి పోయేదేమిటో జిలానీ ముందురోజే ఆయనకు చెప్పేశాడు. ఆయన దాని గురించి ఏమీ ఎత్తలేదు. ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేకపోతున్నాడు.

ఉదయం పదకొండు గంటలకు నీలికాంతి పలక మీద వాలింది. మొదట తెరంతా బూడిదరంగు. తర్వాత ఆకాశం తేలింది. కింద నేల తేలింది. జిలానీ తలకిందుల బొమ్మను సరిచేశాడు. అప్పుడు మనుషులు కనిపించారు.

ఎంతమందో లెక్కలేదు. తెర ఈ అంచునుంచి ఆ అంచుదాకా మనుషులే. మోకాళ్ళలోతు తవ్విన కాలువలో, గట్ల మీద, దూరంగా నేల వంపు తిరిగేదాకా నిలబడి ఉన్నారు. ఒక్కరు కూడా కదలడం లేదు. అందరి ముఖాలూ ఇటే తిరిగి ఉన్నాయి. మసక ముఖాలు, కళ్ళున్నచోట నీడలే ఉన్నాయి. అయినా చూస్తున్నారని తెలుస్తోంది.  కాలువ గట్టు మీద నిలబెట్టిన ముప్పైమందినే లోకం చూసింది. ఎవరూ నిలబెట్టనివాళ్ళు, ఎవరూ చూడమననివాళ్ళు, వేలమంది ఆ పక్కనే ఉన్నారు.

“ఫోటో తీస్తాన్నారని చూస్తాన్నారు పాపం,” అన్నాడు జిలానీ గొంతు తగ్గించి.

కాలం వెనక్కి నడిచింది. మూడో నిమిషం దాటాక ముఖాలు ఒక్కసారిగా అటు తిరిగిపోయాయి. కాళ్ళదగ్గర పడివున్న గంపలు లేచి నెత్తిమీదికి చేరాయి. మనుషులు వెనక్కి నడవసాగారు. వాళ్ళ వెనకాల, దూరంగా, రెండు పెద్ద రాతిగుండ్ల మధ్య నేలమీద నల్లటి చారలు కనిపించాయి. పక్కపక్కనే నాలుగు పొడవాటి గుంతలు. చివరి గుంతలోంచి మట్టి పైకి లేస్తోంది. ముద్దలుముద్దలుగా లేచి, అంచున నిలబడ్డవాళ్ళ గంపల్లోకి తనంతట తాను చేరుతోంది. మట్టి తరిగేకొద్దీ అడుగున తెల్లటి గుడ్డపేలికలు బయటపడ్డాయి.

అప్పుడు జరిగినదాన్ని ఉరుకుందమ్మ తన శాస్త్రమంతా మరిచిపోయి చూసింది. గుంతలోంచి ఒక మనిషి పైకి లేచాడు. కింద ఉన్నవాళ్ళ చేతుల్లోంచి పైనున్నవాళ్ళ చేతుల్లోకి, ఏ బరువూ లేనట్టు, గాలిలో తేలినట్టు లేచాడు. ఇద్దరు అతన్ని భుజాలకెత్తుకుని వెనక్కి నడిచారు. తర్వాత ఒక ఆడమనిషి లేచింది. తర్వాత ఇంకొకరు. ఒకామె ఒంటరిగా వంగి రెండు చేతులూ చాచింది. గుంత ఆమెకు పసిబిడ్డను అందించింది. ఆమె బిడ్డను గుండెకు హత్తుకుని, అడుగులో అడుగు వేస్తూ, ఇళ్ళవైపు పోయినట్టు పోయింది. మిగిలిన నాలుగు నిమిషాల్లో పదిహేడుగురు మట్టిలోంచి లేచి వెళ్ళిపోయారు. తెర ఆరిపోయింది. యంత్రం లోపల పదకొండో పలక, కడిగిన కిటికీ అద్దంలా స్వచ్ఛంగా మిగిలింది.

తిక్కన్న నేలమీద కూలబడి ఉన్నాడు. ఆయనను లేపడానికి ఉరుకుందమ్మ చెయ్యి అందిస్తే పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

“మా నాయనా అనేటోడమ్మా ఆ గింజలోళ్ళన్న మాట,” అన్నాడు. “నేనూ అన్నా. మీ యమ్మ పెండ్లిలో అనింది నేనే.”

ఉరుకుందమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

*

తర్వాతి పనులు చకచకా సాగాయి. ఆ రెండు గుండ్లు బీడులో ఇప్పటికీ ఉన్నాయి. కెమెరా నిలబెట్టిన చోటునుంచి కొలతలు వేసి, అధికారుల ఎదుట రెండుచోట్ల తవ్వారు. నాలుగడుగుల లోతున ఎముకలు తగిలాయి. మళ్ళీ పూడ్చేశారు. గుండ్ల చుట్టూ నలభై ఎకరాలు వదిలి ప్లాంటు హద్దు జరిపారు. అప్పుడిక ఊరివాళ్ళందరూ ఆ ఏడు నిమిషాలూ చూడాలన్నారు.

ఎర్రదొడ్డి హైస్కూలు హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టి తెర ఏర్పాటు చేశారు. మిరపకోతల సుగ్గికి గుంటూరు వలస వెళ్ళినవాళ్ళు కూడా కొందరు వచ్చారు. ఉరుకుందమ్మ బయల్దేరుతుంటే హనుమంతమ్మ ఏమీ చెప్పకుండానే కొత్త చీర కట్టుకుని వచ్చి కారులో కూర్చుంది. హాల్లో చిట్టచివరి వరుసలో ఒక్కతే కూర్చుంది.

జిలానీ బొమ్మను సవ్యంగా మార్చి పెట్టాడు. జరిగింది జరిగినట్టుగా. ముందు గుంతలు. మోసుకొచ్చినవాళ్ళు, దించినవాళ్ళు. బిడ్డను గుంతకు ఇచ్చి ఖాళీచేతులతో లేచిన ఆడమనిషి. హాల్లో ఏడుపులు వినిపించాయి. మట్టి పడింది. గంపలు నడిచాయి. అంతలో మధ్యలో ఒక క్షణాన వేలమందీ ఒక్కసారిగా ఇటు తిరిగారు. నెత్తిమీది గంపలు జారవిడిచారు. గుంతల దగ్గరివాళ్ళు పారలు వదిలేశారు. ముందువరుసలో ఒకామె ఎవరికో సాయం పోతున్నట్టు చేతులు చాచి పరుగున వచ్చి, తెర అంచు దాటి మాయమైంది. మిగతావాళ్ళు అలాగే నిలబడిపోయారు, చివరిదాకా.

ఉరుకుందమ్మ లేచి, అక్కడ ఫోటో తీస్తున్నందువల్ల అందరూ కెమెరాను చూస్తున్నారని వివరించబోయింది.

“కెమెరాను కాదు.”

వెనకనుంచి హనుమంతమ్మ లేచి నిలబడింది. ఆరువారాల తర్వాత కూతురు విన్న మొదటి మాట అది.

“కెమెరా పొద్దన్నుంచీ ఆడనే ఉండె గదా. అంతదాంక ఒక్కరన్నా తలెత్తి చూసినారా? వాళ్ళకు దచ్చినం దిక్కు గుంతలు, ఉత్తరం దిక్కు గింజల కొట్టు. నడిమధ్య నీ కెమెరా. వాళ్ళు చూసేది కెమెరా ఎనకాల కొట్టును. ఫోటోల పుస్తకంలో ఏమని రాసినాడంటివి? ఒక ఆడమనిషి గొడవ అని గదా.”

  ‘ఒక స్త్రీ గొడవ’ అన్న ఆ మాటను ఉరుకుందమ్మ ఎన్నిసార్లో చదివింది. దానిలో ఏడు అనే అంకెను తప్ప మరిదేన్నీ చూడలేదు.

“అమ్ముకున్నది గొడవెందుకు చేస్తాది?” అంది హనుమంతమ్మ. ఆమె గొంతు పెద్దది కాదు. చివరి వరుసనుంచి మొదటి వరుసదాకా వినిపించింది. “మొదట కొట్టు కాడ కొట్లాడింటాది, బండి కదిలినాక అరిచింటాది. సావును పూడ్చేటోళ్ళు పారలిడిసిపెట్టి చూసినారంటే ఆ యమ్మ ఎట్ల అరిచిందో. ఆ యమ్మ గొడవ చేసినందుకే ఫోటో ఏడు నిమిషాలు నిలబడె. ఫోటో నిలబడినందుకే మీ పెద్దోళ్ళు మీకు దొరికినారు.”

 తిక్కన్న లేచి, వరుసల మధ్యనుంచి మెల్లగా నడిచి ఆమె ముందు నిలబడ్డాడు. ఆయన చేతులు జోడించబోతే ఆమె వద్దన్నట్టు తలూపింది. “బిడ్డ మొగం మాత్రం పాయ,” అంది. “అది ఇంగ ఎవురూ తేలేరు.” ఆయన తలవంచుకుని ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఉరుకుందమ్మ వచ్చి రెండోపక్క కూర్చుంది. హనుమంతమ్మ కూతురివైపు చూడలేదు గానీ, చీర కొంగును సర్దుకుని ఆమెకు చోటిచ్చింది.

కొంతసేపటికి తిక్కన్న జిలానీని పిలిచాడు. ఆ పొద్దు కర్నూల్లో చూపించినట్టుగా, వెనకనుంచి ముందుకు ఇంకోసారి చూపించమన్నాడు.

“అది నిజం కాదు కదా తాతా, తిరగేసింది,” అన్నాడు జిలానీ.

“తెలుసులే నాయనా. చూపీ.”

తెర మళ్ళీ వెలిగింది. వేలమంది నిలబడి చూశారు. గంపలు నెత్తిమీదికి ఎగిరాయి. మట్టి విచ్చుకుంది. మొదటి మనిషి గుంతలోంచి లేచినప్పుడు హాల్లో ఒక మూల ఎవరో లేచి నిలబడ్డారు. రెండో మనిషి లేచినప్పుడు ఇంకొందరు లేచారు. పసిబిడ్డను గుంత అందించేసరికి కుర్చీల్లో ఎవరూ లేరు. హనుమంతమ్మ కూతురి భుజం పట్టుకుని నిలబడి, తెరమీద ఆ తల్లి గుండెకు హత్తుకున్న చిన్న మూటనే చూస్తోంది.

“ఎంతమందో సూడు,” అంది మెల్లగా. “అందర్నీ ఇండ్లకు తోలుకపోతాండారు.”